గుమ్మం ముందు ఇన్నయ్య చెప్పులు

రెంటచింతలలో మే నెల వచ్చిందంటే ఆడవాళ్లు వాకిలి పని పొద్దు పొడవకముందే ముగించుకుంటారు. ఎండెక్కాక నేల మీద కాలు పెట్టడం ఎవరి తరమూ కాదు. ఆరోగ్యమ్మ ఆ మంగళవారం కూడా ఎప్పట్లాగే మసక వెలుతురులో లేచి, కొంగు నడుముకు దోపి, చీపురు పుచ్చుకుని తలుపు తీసింది. గుమ్మం ముందు ఏవో చెప్పులు అడ్డం వస్తే చీపురుతో పక్కకు నెట్టబోయి, వంగి చూసి, అక్కడే కూలబడింది.

కిర్రు చెప్పులవి. మాచర్లలో కొలతలిచ్చి కుట్టించుకున్నవి. మనిషి కనపడకముందే చప్పుడు వినపడేవి. ఊళ్లో అలాంటివి వేసుకునేది ఒక్కడే, మాజీ సర్పంచి ఇన్నయ్య. ఆరోగ్యమ్మకు కాబోయే వియ్యంకుడు.

"ఏమే షెర్లీ! లే, లేచి ఇటు రా. మీ మావ చెప్పులొచ్చినయి మనింటికి!"

షెర్లీ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. సెలవులు కాబట్టి ఇంట్లో ఉంది గానీ, లేకపోతే ఆ వేళకు స్కూటీ తుడుచుకుంటూ ఉండేది. కిర్రు చెప్పుల పక్కనే ఇంకో జత కనపడింది. నల్లటి ఆఫీసు బూట్లు, ఒక్కోదాన్లో ఒక్కో సాక్సు కుక్కి ఉంది.

"ఈ బూట్లెవరియ్యమ్మా?"

"నాకేం తెలుసే? చెప్పులు చూస్తేనే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లా."

చెప్పులు రావడం ఆ ఊళ్లో వింతేమీ కాదు. ఒకరి సంగతిని వాళ్లను అడక్కుండా ఎవరైనా తొంగి చూశారంటే, మర్నాడు తెల్లారేసరికి చూసినవాళ్ల చెప్పులు, ఎవరి సంగతి చూశారో వాళ్ల గుమ్మం ముందుంటాయి. ఎవరి పేరు మీదో వచ్చిన కవరు విప్పి చదివిన ఆడబిడ్డవీ వచ్చాయి, ఎదురింటివాళ్ల పొలం కాగితాలు తహసీల్దారు ఆఫీసులో తీయించి చూసిన పెద్దమనిషివీ వచ్చాయి. తీసుకుపోయినా లాభం లేదు, మళ్లీ తెల్లారేసరికి అక్కడే. కొత్తవి కొంటే అవీ అక్కడే. చూసిన మనిషి ఆ గుమ్మం ముందు నిలబడి, చూసిందేదో నోరు తెరిచి అడిగి, జవాబు విని పోతే అప్పుడు కాళ్లకు నిలుస్తాయి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పకముందే అత్తగారు ఈ సంగతి చెబుతుంది.

కాబట్టి షెర్లీ చెప్పులెందుకొచ్చాయని ఆశ్చర్యపోలేదు. వీళ్లు చూసిందేమిటా అని ఆలోచించింది. చప్పున నిన్న సాయంత్రం ఫోన్‌కొచ్చిన మెసేజ్ గుర్తొచ్చింది. ఇట్టాంటివి రోజుకు సవాలక్ష వస్తయిలే అని వదిలేసిందాన్ని మళ్లీ తీసి చదివింది. ఆమె క్రెడిట్ రిపోర్టును చిలకలూరిపేటలో ఒక ఫైనాన్స్ కంపెనీ తెప్పించుకుందట. ఆమే టూవీలర్ లోన్ కోసం దరఖాస్తు పెట్టుకుందట.

"నేనేం పెట్టుకోలా," అంది పైకే.

"ఏందే అది?"

"ఎక్కడ అప్పు తీసుకున్నామో, ఏ నెల కట్టామో, ఏ నెల కట్టలేదో మొత్తం అందులో ఉంటదమ్మా. మనం సరే అనకుండా ఎవరూ చూడకూడదు."

"అంటే నా బీరువా లాంటిది."

"ఆ, అదే. నీ బీరువా తాళం ఎవరో తీశారు."

ఆరోగ్యమ్మ లోపలికి పోయి ఖాళీ మిరపకాయల గోతం తెచ్చి రెండు జతలూ అందులో కుక్కబోయింది. అప్పటికే పక్కింటి జమీలా బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. "దాయకు ఆరోగ్యమ్మక్కా, నేను చూశా. ఆ బూట్లు క్రాంతి కుమార్‌వి. పేటలో ఫైనాన్స్‌లో పనిచేసే పిల్లోడు లే, ఇన్నయ్య గారి తమ్ముడి కొడుకు," అంది. ఇక గోతంతో పనిలేకపోయింది.

సంగతేమిటంటే, షెర్లీకి ఇన్నయ్య కొడుకు సుధీర్ బాబుతో పెళ్లి ఖాయమైంది. సుధీర్ సాగర్ డ్యాం పక్కన విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఉద్యోగి, అక్కడే క్వార్టర్స్‌లో ఉంటాడు. మొన్న ఆదివారం గుడిలో ఫాదర్ గారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్లికి అడ్డమేదైనా తెలిసినవాళ్లు వచ్చి చెప్పమని అందరినీ అడిగారు. అట్లా మూడు ఆదివారాలు అడుగుతారు. మూడోసారి కూడా ఎవరూ ఏమీ అనకపోతే ఇక పెళ్లే. ఆ ప్రకటన కోసమే షెర్లీ జ్ఞానస్నానం సర్టిఫికెట్టు, ఆధార్ కాపీ ఇన్నయ్య చేతికిచ్చింది. విడివిడిగా తీయడమెందుకని ప్లాస్టిక్ కవరుకు కవరే ఇచ్చేసింది. పాన్ కార్డు కూడా అందులోనే ఉంది. అప్పుల లెక్క తీయడానికి ఆ నంబరు చాలు.

షెర్లీకి సుధీర్ అంటే ఇష్టం. దాచుకోవడమెందుకు, చానా ఇష్టం. అతను ఫోన్‌లో డ్యాం నీటిమట్టం చెప్పినా సినిమా కథ విన్నట్టు వినేది. అందుకే ఆ పొద్దున ముందు వాళ్ల నాన్న మీద కోపం రాలేదు. మూడో జత కోసం గుమ్మమంతా వెతికింది. లేదు. సుధీర్ చూడలేదు. ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కూర్చుని తన రిపోర్టు తనే తెరిచి చూసుకుంది. అంతా శుభ్రంగా ఉంది, స్కూటీ లోన్ దగ్గర తప్ప. అక్కడ వరసగా అయిదు నెలలు ఎర్రగా ఉన్నాయి. నాన్న జోజయ్య గుంటూరు ఆసుపత్రిలో ఉన్న నెలలు. వాళ్లిద్దరూ చూసింది ఇదన్నమాట. కళ్లు మండాయి. ఫోన్ బోర్లించి పెట్టి, కాసేపాగి మళ్లీ తీసింది.

ఆ మధ్యాహ్నమే రెండు పనులు చేసింది. రిపోర్టు ఇచ్చేవాళ్ల వెబ్‌సైట్లో, ఈ దరఖాస్తు నాది కాదు, తీసేయండి అని ఫిర్యాదు పెట్టింది. ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాసింది. నేను మీ దగ్గర లోన్ అడగలేదు, నా రిపోర్టు చూడమని ఎవరికీ చెప్పలేదు, ఎవరు చూశారో ఎందుకు చూశారో రాతపూర్వకంగా చెప్పండి, నెల లోపల చెప్పకపోతే పైన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాను. లెక్క దిద్దినట్టు రాసింది. ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"పోనియ్యవే," అని ఆరోగ్యమ్మ వెంటపడింది. "పెళ్లి ముందు పెట్టుకుని ఈ గొడవలేంది? చూస్తే చూశార్లే. మనదేమన్నా పోయిందా?"

"పోయిందమ్మా."

"ఏం పోయిందే?"

"నన్నడిగితే నేనే చెప్పేదాన్ని. ఆ చెప్పే వీలు పోయింది."

ఇక ఇన్నయ్య అవస్థ చూడాలి! మొదటి రోజు వట్టి కాళ్లతో బజారుకొచ్చి, మరియమాతకు మొక్కుకున్నానని చెప్పాడు. ఈ ఎండలకు ఇదేం మొక్కు సర్పంచి గారూ అని ఎవరో అంటే, వానల కోసం అన్నాడు. అందరూ అవునవునన్నారు, అటు తిరిగి నవ్వుకున్నారు. యల్లమంద కొట్లో హవాయి చెప్పులు కొన్నాడు. తెల్లారి అవి షెర్లీ గుమ్మం దగ్గర తేలాయి. ఇంకో జత కొన్నాడు, అదీ పోయింది. మూడోసారి యల్లమంద చేతులు జోడించి, "ఎందుకయ్యా డబ్బులు తగలేసుకోవటం, వెళ్లి ఆ అమ్మాయిని అడిగేసి రాకూడదా," అన్నాడు. ఒక ఆడపిల్ల గుమ్మం ముందు నిలబడి అడగడమా? పంచాయతీ చెప్పిన నోరది. తారురోడ్డు మానుకుని, గోడల నీడన నడవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం సాయంత్రం సుధీర్ ఫోన్ చేశాడు.

"మీ బూట్లు రాలా. బతికించారు," అంది షెర్లీ నవ్వుతూ.

"నేనెందుకు చూస్తాను? అయినా అదేమంత పెద్ద విషయమని? స్కూటీకి అయిదు నెలలు లేటు, అంతేగా. ఎవరికైనా జరుగుద్దని నాన్నతో అప్పుడే అన్నాను."

షెర్లీ నవ్వు ఆగిపోయింది. "అయిదని మీకెట్టా తెలుసు?"

"నాన్న చెప్పాడు."

"ఎప్పుడు?"

"సోమవారమే. క్రాంతి గాడు చూసి చెప్పంగానే."

సోమవారం తర్వాత అతను మంగళవారం ఫోన్ చేశాడు. బుధవారం చేశాడు, గురువారం చేశాడు. నీటిమట్టం చెప్పాడు, క్వార్టర్స్‌లో కోతుల గురించి చెప్పాడు. ఆ అయిదు నెలలూ కడుపులో పెట్టుకునే అవన్నీ చెప్పాడు. "పెద్ద మనసుతో ఊరుకున్నారన్నమాట," అంది షెర్లీ. అతను ఔననబోయి ఆగాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఫాదర్ గారి దగ్గరకు వెళ్లి, "ఈ ఆదివారం మా పేర్లు చదవొద్దండి," అని చెప్పింది. ఆయన చెప్పుల సంగతి విన్నవారే. ఎందుకని అడగలేదు, ఎప్పుడు చదవమంటావు అని అడిగారు. "తెలియదండి," అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. పెళ్లి ఆగిందని కాదు. ఆ మనిషి పోతాడేమోనని.

ఆదివారం పేర్లు చదవకపోయేసరికి ఊరంతా గుప్పుమంది. సోమవారం ఎండ నెత్తిమీదున్న వేళ ఇన్నయ్య వచ్చాడు, వెనక క్రాంతి కుమార్. ఇద్దరివీ వట్టి కాళ్లే. బైకు గేరు తొక్కీ తొక్కీ క్రాంతి వేలు చితికింది. ఇన్నయ్య అరికాళ్లు బొబ్బలెక్కాయి. గుమ్మం పక్కన ఆయన చెప్పులే వరసగా పేర్చి ఉన్నాయి. అటు చూడకుండా నిలబడ్డాడు.

"లోపలికి రండి అన్నయ్య గారూ," అని ఆరోగ్యమ్మ గాభరా పడింది.

"పర్లేదు చెల్లెమ్మా." షెర్లీ వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆ మెయిల్ వెనక్కి తీసుకో. వీడి మేనేజరు వీణ్ణి పిలిచి అడుగుతున్నాడంట. ఉద్యోగం పోద్ది."

"నేను లోన్ అడగలేదు మావయ్య గారూ. ఆ నిజమే రాశా. నిజాన్ని ఎట్టా వెనక్కి తీసుకోను?"

క్రాంతి ముందుకొచ్చాడు. "వదినా, సంబంధం కుదిరేటప్పుడు వాకబు చెయ్యటం మన దగ్గర ఉన్నదే కదా. అమ్మాయి ఎట్టాంటిదని పక్కింట్లో అడగట్లా? ఇదీ అంతే అనుకున్నా. పెదనాన్న నీ కార్డుల ఫోటోలు పంపాడు, కంప్యూటర్లో కొట్టి చూశా. తప్పని తోచలా నాకు."

"పక్కింటి జమీలా పిన్నిని అడిగితే, మా గురించి నువ్వడిగావని నాకు చెప్పుద్ది. నువ్వు నా పేరు పెట్టి, నేనే అడుక్కున్నట్టు రాసి, నా లెక్కలు తీశావు. నేను కానిదాన్ని నేనని రాశావు క్రాంతీ."

ఆ మాటకు క్రాంతి తల దించుకున్నాడు. ఇన్నయ్య ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. కాళ్లు కాలుతుంటే ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారాడు. చివరకు ఆయనే, గొంతు బాగా తగ్గించి, "ఆ అయిదు నెలలు ఎందుకు కట్టలేదమ్మా?" అని అడిగాడు. "చెప్పు వదినా, ఏమైంది?" అన్నాడు క్రాంతి కూడా.

షెర్లీకి ఆ ప్రశ్న కోసమే తను వారం నుంచి ఎదురుచూస్తోందని అప్పుడు తెలిసింది.

"నాన్నకి ఊపిరి అందేది కాదు. గుంటూరు ఆసుపత్రిలో చేర్పించాం. నేను సెలవు పెట్టా, జీతం రాలా. లోన్ వాళ్లు ఫోన్ చేస్తే వరండాలోకి పోయి మాట్లాడేదాన్ని. ఒకరోజు నాన్న విన్నాడు. 'ఆ బండి వాళ్లకిచ్చెయ్ తల్లీ, బస్సులో పోలేవా,' అన్నాడు. పోగలను. అయినా ఇవ్వలా. బాగయి ఇంటికొచ్చాక దాని మీదే నిన్ను మిరప తోటకు తీసుకుపోతా అని చెప్పి ఉన్నా ఆయనకి. బండి ఇచ్చేస్తే ఆయన ఇంక రాడని నేను ఒప్పుకున్నట్టే కదా మావయ్య గారూ. ఆయన పోయినాక మొత్తం కట్టేశా. ఇదంతా ఉందా మీరు చూసిన కాగితంలో?"

"లేదమ్మా," అన్నాడు ఇన్నయ్య. "ఎర్ర గళ్లున్నాయి, అంతే." "జోజయ్య నాకు తెలిసినోడే. వచ్చి ఆయన్ని చూడను కూడా చూడలేదు నేను. ఈ గుమ్మం అప్పుడెక్కాల్సింది."

ఆరోగ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇన్నయ్య వంగి తన కిర్రు చెప్పులు, క్రాంతి తన బూట్లు తొడుక్కున్నారు. నిలిచాయి. క్రాంతి తను చేసింది చేసినట్టు రాసి మేనేజరుకు పంపుతానన్నాడు, ఆ మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో రాసి, షెర్లీకి చూపించి మరీ పంపాడు. తర్వాత సంగతి ఇప్పుడే చెప్పుకోవచ్చు. కంపెనీ ఆ దరఖాస్తును తీసేయించి, క్షమించమని ఉత్తరం ఇచ్చింది. క్రాంతిని కంప్యూటర్ దగ్గర్నుంచి లేపి వినుకొండలో వసూళ్లకు వేశారు. ఉద్యోగం మిగిలింది.

"మరి ఆదివారం ప్రకటన..." అని నసిగాడు ఇన్నయ్య వెళ్తూ వెళ్తూ.

"మీరు చూశారు, వచ్చి అడిగారు. చూడకుండా విన్నవాళ్లొకరున్నారు మావయ్య గారూ."

సుధీర్ గురువారం వచ్చాడు. సాగర్ నుంచి బస్సులో వచ్చి, స్టాండు నుంచి నడిచొచ్చాడు. కాళ్లకు బూట్లున్నాయి. అతన్ని ఎవరూ, ఏదీ బలవంతపెట్టలేదు. గుమ్మం దగ్గర విప్పి లోపలికొచ్చి, ఇచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు.

"అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకున్నా," అన్నాడు. వెంటనే తల అడ్డంగా తిప్పాడు. "కాదు, అది అబద్ధం. నువ్వేం చెబుతావో అని భయమేసింది. మంచోడిలా ఉండిపోవటం తేలిక కదా, అందుకని ఊరుకున్నా."

గ్లాసును చేతిలోనే తిప్పుతూ మళ్లీ అన్నాడు.

"నాన్న నిన్న ఫోన్‌లో మొత్తం చెప్పబోతే వద్దన్నా. నీ నోటెంట వింటానని చెప్పా. మీ నాన్న ఎట్టాంటి మనిషి షెర్లీ?"

ఆమె అనుకున్న ప్రశ్న అది కాదు. అయిదు నెలల గురించి అడుగుతాడనుకుంది, దానికి జవాబు తయారుగా ఉంది. దీనికి లేదు. అయినా మొదలుపెట్టింది. నాన్న పాటలు తప్పుగా పాడటం, మిరపకాయ వాసన చూసి ఘాటు చెప్పడం, లెక్కల్లో తను ఫెయిలైన రోజు ఊరంతా చాక్లెట్లు పంచి 'మా అమ్మాయి ధైర్యంగా నిజం చెప్పింది' అనడం, అన్నీ చెప్పింది. నవ్వింది. మధ్యలో ఏడ్చింది కూడా. సుధీర్ గ్లాసు కింద పెట్టడం మర్చిపోయాడు.

వెళ్లేటప్పుడు అతను గుమ్మం దిగి, బూట్లు దాటి, వట్టి కాళ్లతో రోడ్డెక్కాడు.

"ఏమండీ, బూట్లు!" అని అరిచింది షెర్లీ.

"అయి ఎప్పుడో రావాల్సినయి మీ గుమ్మానికి," అన్నాడు వెనక్కి తిరిగి. "వాటికి బుద్ధి లేక రాలా. ఉండనీ."

ఎండకు కరిగే తారు మీద అతను ఎగిరెగిరి అడుగులేస్తూ పోతుంటే చూడలేక షెర్లీ లోపలికొచ్చింది. కాసేపటికి ఆగలేక మళ్లీ బయటికెళ్లి, ఆ బూట్లను నీడలోకి జరుపుదామని చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది జరిపి ఊరుకోవచ్చు కదా, తిరగేసి చూసింది. అడుగున రూపాయి బిళ్లంత చిల్లు. లోపల అట్టముక్క కత్తిరించి పెట్టుకున్నాడు. గవర్నమెంటు ఉద్యోగస్తుడు, ఇంత చిరిగిన బూట్లేసుకుని తిరగడమేంది? జీతమంతా ఎటు పోతోంది? తను అతన్ని ఎప్పుడైనా ఏదైనా అడిగిందా? అతను చెప్పిన నీటిమట్టాలు విని మురిసిపోవడం తప్ప ఒక్కటంటే ఒక్క మాట అడిగిందా?

మర్నాడు పొద్దున్నే చీపురు పట్టుకుని తలుపు తీసిన ఆరోగ్యమ్మ లోపలికి కేకేసింది. "ఏమే, నీ చెప్పులేయి? బూట్లున్నయి, పక్కన నీ చెప్పులు లేవు."

షెర్లీ పక్క మీదే లేచి కూర్చుని, తన చెప్పులు ఈపాటికి ఎవరి గుమ్మం ముందున్నాయో తెలిసి, సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకుంది. తర్వాత నవ్వొచ్చింది. గబగబా స్నానం చేసి, బూట్లను సంచిలో వేసుకుని వట్టి కాళ్లతో వాకిట్లోకొచ్చింది.

"ఫాదర్ గారికి ఏం చెప్పనే?" అంది తల్లి.

"ఆదివారం చదవమని చెప్పమ్మా."

సాగర్ బస్సు కండక్టరు ఆమె కాళ్ల వైపు చూశాడు, ఏమీ అనకుండా కిటికీ పక్క సీటు చూపించాడు. "ఎక్కడికమ్మా, సౌత్‌కేనా?"

"ఆ, సౌత్‌కే," అంది షెర్లీ, సంచి ఒళ్లో పెట్టుకుని. "ఒక మనిషిని ఒక మాట అడగాలి."